మనిషిలా విసిరే మిషన్

రెండు నెలలుగా నవనీత బ్యాటుకు బంతి తగలడం లేదు.

నిజామాబాద్ వైపు ఒక బాలికల హాస్టల్ బడిలో చదువుతోంది. సాఫ్ట్‌బాల్ జట్టులో ఆమెను మించి కొట్టేవాళ్లు లేరని పేరు. ఇప్పుడు ఎదురుగా ఎవరు నిలబడి బంతి విసిరినా చేతులు బిగుసుకుపోతున్నాయి. బంతి దాటిపోయాక బ్యాటు ఊపుతుంది. ఒక్కోసారి అసలు ఊపనే ఊపదు.

కారణం అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. కార్తీకంలో ఒక సాయంత్రం సాధన చేస్తుంటే ఆమె కొట్టిన బంతి నేరుగా వెళ్లి, దాన్ని విసిరిన గంగామణి ముఖానికే తగిలింది. కుడికన్ను పోయింది. గంగామణి బడి మానేసి ఊళ్లో ఉంటోంది. నవనీత ఒక్కసారి కూడా చూడ్డానికి వెళ్లలేదు.

రాష్ట్ర జట్టు ఎంపిక ఇరవై రోజుల్లోకి వచ్చింది. నవనీత కోచ్ భూమేశ్వర్ సార్ దగ్గరికి వెళ్లింది.

"సార్, మనకు బంతులిసిరే మిషన్ తెప్పియ్యుండ్రి. అచ్చం మనిషి ఇసిరినట్టే ఇసిరేది కావాలె. దానికి అలవాటు పడితే మళ్ల మంచిగ ఆడుత."

వారం తిరక్కముందే వాటిని అమ్మే మనిషి ఆటోలో రెండు మిషన్లు తెచ్చి మైదానంలో దించాడు. ఏది ఉంచుకోవాలో నవనీతే చెప్పాలన్నాడు సార్.

మొదటిదానికి రెండు రబ్బరు చక్రాలు. వాటి మధ్యలోంచి బంతి ఉన్నట్టుండి దూసుకొస్తుంది. రెండోదానికి పొడుగాటి ఇనుప చేయి. అది కిందినుంచి గిర్రున తిరిగి నడుము ఎత్తున బంతిని వదులుతుంది.

నవనీత రెండింటినీ ఆడింది. ఒక్క బంతీ వదల్లేదు. అమ్మే మనిషి చప్పట్లు కొట్టాడు.

"చెయ్యి ఉన్నదే మంచిగుంది సార్," అంది నవనీత ఆయాసపడుతూ. చాలా రోజుల తర్వాత ఆమె ముఖం కాస్త తేటపడింది. "అచ్చం మనిషే."

"అచ్చం మనిషేనా?"

"అవు సార్."

భూమేశ్వర్ సార్ గోడవారనున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆ మిషన్ పక్కనే వేసుకున్నాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ముందు వల లేదు, ఏమీ లేదు. కుర్చీలో కూర్చుని నవనీత వైపు చూశాడు.

"ఇగ కొట్టు బిడ్డా."

ఇనుప చేయి తిరిగింది. బంతి వచ్చింది. నవనీత కదల్లేదు. బంతి వెనక వలకు తగిలి కింద పడింది. ఇంకోటి వచ్చింది. మరోటి. అమ్మే మనిషి కంగారుపడి మిషన్ ఆపేశాడు.

"నాతోని కాదు సార్," అంది నవనీత.

"ఇప్పటిదాక కొట్టినవు కదా?"

"అప్పుడు అక్కడ ఎవ్వరు లేరు కదా సార్."

అనేశాక తన మాట తనకే వినబడింది. బ్యాటు కింద పెట్టి మట్టిలో కూలబడింది.

సార్ కుర్చీలోంచి లేవలేదు. అక్కడినుంచే అన్నాడు:

"దెబ్బ తగలకుండ ముఖానికి ఇనుప చువ్వల మాస్కు పెట్టుకుంటనని ఆ రోజు గంగామణి అడిగింది. చూపుకు అడ్డమైతదని నేనే వద్దన్న."

నవనీత తలెత్తింది. ఈ సంగతి ఆమెకు తెలియదు. ఎండ చల్లబడిన వెలుతురులో సార్ ముఖం బాగా ముసలిగా కనిపించింది.

"వాళ్లింటికి పోయినరా సార్?"

"నాలుగుసార్లు. నాతోని మాట్లాడలే. గోడ దిక్కు తిరిగి కూసున్నది."

అమ్మే మనిషి గొంతు సవరించుకుని, ఏది ఉంచి పొమ్మంటారని అడిగాడు.

"చెయ్యి ఉన్నది ఉంచు. చెయ్యి బంతిని ఎక్కడ వదుల్తదో చిన్నపిల్లలకు కనబడాలె," అన్నాడు సార్.

ఆటో చక్రాల మిషన్‌ను ఎక్కించుకుని వెళ్లిపోయింది. నవనీత లేచి, చెల్లాచెదురైన బంతులు ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేసింది. బుట్ట నిండాక తెచ్చి సార్ కుర్చీ పక్కన పెట్టింది.

"మళ్ల ఎప్పుడు పోతరు సార్?"

"రేపు. పొద్దున ఏడున్నర బస్సుకు."

"నేను గూడ వస్త."

సార్ జేబులోంచి కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"రా. మాట్లాడుతదన్న ఆశతోని మాత్రం రాకు."