చూపురాయి దిగిన దున్న

మోదుగులకోన అనే అడవిలో దుప్పులు, అడవిదున్నలు, పందులు, కొండముచ్చులు, కుందేళ్లు, ఇంకా లెక్కకందనన్ని పిట్టలు ఉండేవి. అక్కడి ఎండలు మామూలు ఎండలు కావు. బండ మీద పడుకున్న ఉడుము అట్టులా ఒకవైపు కాలాక, రెండో వైపుకి తిరిగి పడుకునేది. సూర్యుడు కూడా ఆ అడవి మీదుగా పోయేటప్పుడు మబ్బు గొడుగు వేసుకుని పోయేవాడు. నమ్మకపోతే ఉడుమునే అడగండి.

అలాంటి అడవికి నిప్పంటే ప్రాణభయం. అందుకే అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. లోయ అంచున చూపురాయి అనే ఎత్తైన బండ ఉంది. నిప్పు పుడితే ఒకరు దాని మీద నిలబడి మంటనీ, గాలినీ, లోపలికెళ్లినవాళ్లనీ కనిపెట్టాలి. మిగిలినవాళ్లు ఆ మాట ప్రకారం నడవాలి. రాయి మీదివాళ్లు దిగాలంటే ఇంకొకరిని ఎక్కించి, "చూపు నీది" అని చెప్పి మరీ దిగాలి. పక్కనే తీతువు పిట్ట కూర్చుంటుంది. రాయి మీదివాళ్లు చెప్పాకే అది అరుస్తుంది. అది అరిచిందంటే చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి అందరూ బయటికి పరుగెత్తాలి.

ఆ ఏడు చూపురాయి బండన్న అనే అడవిదున్నది. బండన్న గిట్టతో నేలని ఒక్క తన్ను తన్నితే మూడు కొండల అవతల ఉసిరికాయలు రాలేవి. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా రోజూ తానే గుర్తుచేసేవాడు.

ఒక మధ్యాహ్నం లోయలో పొగ లేచింది. పందులు మూతులతో నేల తవ్వి మంటకి అడ్డంగా మట్టిబాట చేయడానికి దిగాయి. కొండముచ్చులు పచ్చికొమ్మలతో మంటని బాదడానికి వెళ్లాయి. దుప్పులు ఎండుటాకులు పక్కకి తన్నడానికి వెళ్లాయి. వాటిలో గురివి కూడా ఉంది. గురివి అక్క సుంకులు మాత్రం బండన్న మాటలు అందించడానికి రాయి కింద నిలబడింది. అమ్మని పులి ఎత్తుకుపోయాక సుంకులుకి మిగిలింది ఆ చెల్లెలొక్కతే.

ఉన్నట్టుండి సుంకులు చెవి కొసకి వేడి తగిలింది. ఇంతవరకూ చల్లగా ఉన్న వైపు అది.

"అన్నా! గాలి తిరుగుతోంది!" అంది.

"తిరిగితే తిరగనీ. నేను ఎదురు ఊదితే అదే వెనక్కి పోతుంది!" అన్నాడు బండన్న. అతని కళ్లు ఇప్పచెట్ల మీదే ఉన్నాయి. అతనికి ఇప్పపువ్వంటే ప్రాణం. "అయ్యో, నా ఇప్పచెట్లు! ఇంత ఒళ్లు పెట్టుకుని కేకలేస్తూ నిలబడనా?" అంటూ రాయి మీంచి ధబాలున దూకి పొగలోకి పోయాడు.

"చూపు నీది" అని ఎవరికీ చెప్పలేదు.

చూపురాయి ఖాళీ అయింది. కింద ఉన్నవాళ్లకి ఆ సంగతి తెలియదు. పైన ఒక కన్ను కాపలా ఉందనుకుని ఇంకా లోపలికి పోతున్నారు.

"ఎవరి మాట వినాలమ్మా నేను?" అంది తీతువు.

సుంకులు కాళ్లు పొగవైపు లాగాయి. గురివి అక్కడుంది. నాలుగు గెంతులు గెంతితే చాలు. కానీ ఆ పొగలో దూరితే తనకీ ఏమీ కనపడదు. ఆమె కళ్లు గట్టిగా మూసి తెరిచి, ఒక్క గెంతులో రాయెక్కింది.

"చూపు నాది!"

"ఆయన నీకివ్వలేదుగా?"

"ఆయన వదిలేశాడు, నేను తీసుకున్నాను. అరుస్తావా, కాలతావా?"

సుంకులు పైనుంచి లోయంతా చూసింది. మంట వెయ్యి పులులు ఒక్కసారి గాండ్రించినట్టు గర్జిస్తోంది. అది గాలితో చుట్టుతిరిగి, వాళ్లు వెళ్లిన దారి మీదికే పాకుతోంది. ఒక్క పక్కనే సందుంది. ఇందాకే కాలి నల్లబడిన నేల అది.

తీతువు అరిచింది. ఆ అరుపుకి చచ్చిన చెట్లు కూడా ఉలిక్కిపడ్డాయి.

"వచ్చిన దారిన రావద్దు! నల్లనేల మీదికి పొండి! కాలిన చోట మళ్లీ కాలదు!" అని కేకేసింది సుంకులు.

"ఇంకొంచెం బాదితే ఇప్పచెట్లు దక్కుతాయి!" అని అరిచింది ఒక కొండముచ్చు.

"పోతే పోనీ! చెట్లు మళ్లీ మొలుస్తాయి. నువ్వు మొలుస్తావట్రా, తోకాయ్? నడు!"

గిట్టలు చురచురలాడుతున్నా అందరూ నల్లనేల మీద పడి పరుగెత్తారు. సుంకులు పేరుపేరునా పిలిచింది. పందులు పలికాయి. కొండముచ్చులు పలికాయి. దుప్పులు పలికాయి.

గురివి పలకలేదు. బండన్నా పలకలేదు.

"నేను పోయి చూసొస్తా!" అంది కొండముచ్చు.

"బయటికొచ్చినవాళ్లు ఎవరూ లోపలికి పోకూడదు!" అంది సుంకులు. ఆ మాట ఆమె నోట్లోంచి నిప్పుకణికలా వచ్చింది. ఆమె ముందుకాళ్లు బండ అంచుకి జారాయి. వాటిని వెనక్కి లాక్కుని, ఉన్న చోటే నిలబడి పిలిచింది.

"గురివీ! నా గొంతుకేసి రా! గురివీ!"

పొగ పలకలేదు. మళ్లీ పిలిచింది. గొంతు చీలిపోయేలా పిలిచింది.

చివరికి పొగలోంచి ఒక దగ్గు వినపడింది. గురివి వస్తోంది. దాని వెనకే, దాని వీపుకి మూతి ఆనించి, పొగకి కళ్లు కనపడని బండన్న. అతని తోక మొదలంటా కాలి మొలక మాత్రం మిగిలింది.

"ఈయన మంటకేసే పోతుంటే చెవి కొరికి లాక్కొచ్చానక్కా," అంది గురివి. తర్వాత అక్కకేసి తలెత్తింది. "నాకోసం ఒక్క అడుగైనా దిగలేదేం?"

"దిగుంటే నిన్ను పిలవడానికి గొంతెక్కడిదే పిచ్చిదానా!" అంది సుంకులు. అప్పుడు చూసుకుంది. తన నాలుగు కాళ్లూ జొన్నాకుల్లా వణుకుతున్నాయి.

బండన్న తడుముకుంటూ రాయి కిందికొచ్చి తల వంచాడు. "చూపు నీది, తల్లీ," అన్నాడు.

"ఇప్పుడా చెప్పేది? తోక కాలాకా!" అంది తీతువు.

ఇప్పచెట్లు బూడిదయ్యాయి. ఆ ఏడు బండన్నకి ఒక్క పువ్వు దొరకలేదు. ఈగలు తోలుకోవడానికి తోకా లేదు. మంట చివరి కణం ఆరేదాకా సుంకులు రాయి దిగలేదు.

నీతి: పదిమందికి దారి చూపాల్సినవాడు చోటు వదిలి దూకితే అది ధైర్యం కాదు, గుండె వణుకుతున్నా నిలబడి దారి చూపడమే ధైర్యం.