సోలెడు మందు

రాజుగారి గుర్రాలకు కడుపులో పురుగులు పడ్డాయి. యుద్ధపు గుర్రమైనా, చినరాజుగారి పొట్టి గుర్రమైనా అన్నిటికీ సోలెడేసి మందు పట్టించమన్నాడు శాల అధికారి కొండమరాజు. గుర్రాల కాపరి ఓబన్నకు ఒళ్ళు మండింది. ఆ పొట్టిదానికి గిద్దెడు చాలని, సోలెడు పోస్తే పురుగులతో పాటు అదీ పోతుందని పొద్దుట్నుంచి నాలుగుసార్లు మొత్తుకున్నాడు. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం.

"గుర్రం గుర్రమే. ఒక్కోదానికి ఒక్కో కొలతా? రాజుగారి ముందే పట్టిద్దాం, తీసుకురా" అన్నాడు కొండమరాజు.

ఓబన్న పొట్టి గుర్రాన్నే ముందు తెచ్చాడు. దాని వీపున యుద్ధపు గుర్రం జీను వేసి ఉంది. బరువుకు పాపం దాని కాళ్ళు వణుకుతున్నాయి.

"ఇదేం పనిరా?" అన్నారు రాజుగారు.

"అధికారిగారి మాటే ప్రభూ. గుర్రం గుర్రమేనట, కొలతలు అక్కర్లేదట."

"నేనన్నది మందు గురించి, జీను గురించి కాదు" అని గుడ్లురిమాడు కొండమరాజు. "దాని నడుం విరగదూ? ముందు దించు."

ఓబన్న జీను దించి నిట్టూర్చాడు. "ఇదైతే దించేశాను దొరా. గొంతు దిగిన మందును ఎలా తియ్యను? గుర్రానికి కక్కుకోవడం కూడా చేతకాదు."

రాజుగారు సోలను పక్కకు నెట్టి, గిద్ద తెమ్మన్నారు.