రెండు వేళ్ల వెలితి

కనకరాజు కూతురు మంగతాయి పోయి మూడేళ్లయింది. ఇంట్లో ఆ పిల్ల పేరు ఎత్తవద్దని అతను భార్యకు గట్టిగా చెప్పాడు. ఆమె ఎత్తలేదు. అయినా అతనికి నెమ్మది లేదు. ఒకనాడు సిద్ధప్ప గురువుగారి దగ్గర కూర్చుని, "ఈ వెలితి ఎప్పటికి పూడుతుంది, స్వామీ?" అని అడిగాడు.

కడుపుకోతతో వచ్చినవాడికి శ్లోకాలు వినిపించడం మోటుతనమని గురువుగారి అభిప్రాయం. నాదీ అదే. ఆయన ఊళ్లోని పాత వంతెన సంగతి ఎత్తుకున్నారు.

ఆ వంతెనకు దిమ్మెలు రాతివి, దూలాలు ఇనుపవి. ఒడ్డు దిమ్మె కట్టేటప్పుడు కప్పీ తాడు తెగి, రాయి మీదపడి, రాతిమేస్త్రి పెంటయ్య కొడుకు చనిపోయాడు. పెంటయ్య పని మానలేదు. పైవరస రాతి మీద కొడుకు పేరు చెక్కి, తన చేత్తోనే పేర్చాడు.

వంతెన తెరిచాక చూస్తే, ఆ రాతికీ ఇనుప దూలానికీ మధ్య రెండు వేళ్ల సందు ఉంది. బండి వెళ్లినప్పుడల్లా చక్రం అక్కడ ధడేలుమనేది. రాతిపనివాడి కంటికి సందంటే తప్పు. పైగా ప్రతి బండీ తన కొడుకు గుండెల మీదుగా పోతున్నట్టు ఉండేది పెంటయ్యకు. చలికాలంలో ఎవరికీ చెప్పకుండా రాతిచెక్కలు దిగ్గొట్టి, సున్నం దట్టించి దాన్ని పూడ్చేశాడు. చప్పుడు ఆగింది. నాలుగు నెలలు హాయిగా నిద్రపోయాడు.

రోహిణి ఎండల్లో ఒక మధ్యాహ్నం ఆ రాయి ఫెళ్లున పగిలింది. పగులు సరిగ్గా కొడుకు పేరు మధ్యగా పోయింది.

ఇనుపపని చేయించిన ఖాసిం మేస్త్రి వచ్చి చూశాడు. తిట్టలేదు. "పెంటయ్యా, ఆ వెలితి మేం కావాలనే వదిలాం. ఎండకి ఇనుం పెరుగుద్ది. దానికి చోటు లేకపోతే రాయినే కదయ్యా తోసేది?" అన్నాడు.

పెంటయ్య తానే ఉలి పట్టుకుని ఆ పూడికంతా తవ్వి తీశాడు. చివరి చెక్క ఊడివచ్చాక మొదటి బండి వచ్చింది. ధడేలుమంది. కొడుకు పోయిననాడు కూడా ఏడవనివాడు, అక్కడే కూలబడి భోరుమన్నాడు.

గురువుగారు అక్కడితో ఆపారు. కనకరాజు, "తర్వాతైనా ఆ చప్పుడు తగ్గిందా, స్వామీ?" అన్నాడు.

"లేదు. వంతెన మాత్రం నిలిచింది," అన్నారు గురువుగారు. ఆ వెంటనే, "మంగతాయి వాళ్లమ్మ ఎలా ఉంది, నాయనా?" అని అడిగారు.