ఇరవై మెట్ల గద్దె

మొసలివాగుకు అవతల, ఇప్పుడు పేరు కూడా ఎవరికీ గుర్తులేని ఒకానొక రాజ్యంలో, జలీలుద్దౌలా అనే నవాబు ఉండేవాడు. మనిషి మరీ పొట్టేం కాదు. కానీ తనకన్నా ఎత్తులో ఇంకొకరి తల కనిపిస్తే ఆ పూట అన్నం సయించేది కాదు. అందుకని కోటలో అందరూ వంగే నడిచేవాళ్ళు. వంగని చోటు ఒక్కటే మిగిలింది, జుమ్మా మసీదు.

అక్కడ నమాజు దిక్కు చూపే గూడు మెహ్రాబు. దానికి కుడిపక్కన టేకుతో చేసిన ఏడు మెట్ల మింబరు. శుక్రవారం నమాజుకు ముందు ఖతీబు యాసీన్ సాహెబు చేతికర్ర పట్టుకుని దాని మీదికెక్కి ఖుత్బా ప్రసంగం చేసేవాడు. ఆ పెద్దాయన పై మెట్టుదాకా ఏనాడూ పోలేదు. అంత ఎత్తుకు తాను తగనని మూడో మెట్టు మీదే ఆగేవాడు. ఆ మూడు మెట్లే నవాబు గుండెల్లో గుచ్చుకున్నాయి.

"నేను కింద చాప మీద, నా జీతగాడు నా నెత్తి మీదా? ఒక్క మెట్టు ఉంచి తక్కినవి కోయించు" అని దివానుకు హుకుం ఇచ్చాడు. దివాను ఔనన్నాడు. ఔననడం తప్ప ఆయనకు వేరే పని చేతకాదు.

రంపం పట్టమని మస్తాన్‌బీకి కబురు వెళ్ళింది. ఆ మింబరు చేసింది ఆమె మగడు పీరాసాహెబే. పదకొండేళ్ళు చేశాడు. ఆరు మూలల బిళ్ళలూ చుక్క బిళ్ళలూ, వేల ముక్కలు ఒకదాన్నొకటి కరిచి పట్టుకునేలా కూర్చాడు. ఒక్క మేకు లేదు, చుక్క జిగురు లేదు. ఆఖరి బిళ్ళ కూర్చిన నెలకే కన్నుమూశాడు. అప్పటినుంచి ఆయన ఉలీ బాడిసా పట్టి ఆమే కార్ఖానా నడుపుతోంది. ఒక్కచోట రంపం పడితే పట్టు తప్పి మొత్తం రాలిపోతుందని ఆమెకు తెలుసు. మగణ్ణి రెండోసారి మట్టిలో పెట్టడమే అది.

ఏడవలేదు. ముసుగు సర్దుకుని దర్బారుకు వెళ్ళింది.

"హుజూర్, ఆ పెద్దాయన్ని దించితే మీరేమైనా పెరుగుతారా? ఉన్నంతే ఉంటారు. మిమ్మల్నే పైకెత్తితే పోలా?"

నవాబు ముందుకు వంగాడు. "ఎలా?"

"పక్కగోడకు ఆనించి మీకొక గద్దె కడతాను. మింబరుకు రెండింతలు, పద్నాలుగు మెట్లు. ఒక్క శుక్రవారం కూర్చోండి. నచ్చిందంటే మింబరును నా చేత్తో నేనే కోస్తాను."

నవాబు మీసం మీద చెయ్యి వేశాడు. "పద్నాలుగేంటి, ఇరవై వెయ్యి."

"మీ ఇష్టం హుజూర్."

నలభై రోజుల్లో గద్దె లేచింది. శుక్రవారం నాడు నవాబు జరీ అంగరఖా ఈడ్చుకుంటూ ఇరవై మెట్లూ ఎక్కి కూర్చున్నాడు. కిందికి చూస్తే అన్నీ టోపీలే. యాసీన్ సాహెబూ ఒక టోపీయే. నవాబు కడుపు నిండింది. మస్తాన్‌బీ ఆడవాళ్ళతో కలిసి జాలీ తెర వెనక నిలబడింది. తన అంచనా తప్పితే సాయంత్రానికి రంపం పట్టాలి.

ఖుత్బా ముగిసింది. యాసీన్ సాహెబు మూడు మెట్లూ దిగి మెహ్రాబు ముందు నిలబడ్డాడు. నమాజుకు లేవమనే ఇఖామత్ వినిపించింది. అది విన్నాక మసీదులో ఏ చోటూ ఎవరి సొంతమూ కాదు. వరుసలో సందు కనబడితే పక్కవాడు జరిగి పూడ్చాల్సిందే, భుజానికి భుజం ఆనాల్సిందే. గుర్రాలవాడూ జాగీర్దారూ అక్కడ ఒకటే. నవాబు కోసం వదిలిన చాప మీదికి మొదట జరిగింది దివానే. జీవితంలో ఎవరినీ అడక్కుండా ఆయన చేసిన పని అదొక్కటే.

నవాబు ఇంకా నాలుగు మెట్లే దిగాడు. అంగరఖా కాళ్ళకు చుట్టుకుంటోంది. ఆగమని అరవబోయాడు. ఎవరితో? నమాజు మొదలైపోయింది. మొదలయ్యాక ఎవరూ పలకరు, తల తిప్పరు, కాపలా భటులతో సహా. నేల మీద పాదం పెట్టేసరికి వరుసలన్నీ నిండాయి. వెతుక్కుంటూ గుమ్మందాకా పోయాడు. చెప్పుల గుట్ట పక్కన, నీళ్ళు మోసేవాడి భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు. సజ్దాలో నుదురు నేలకు తాకినప్పుడు కళ్ళెదుట ఎవరివో పగిలిన మడమలు. ఆ నుదురు లేవడానికి కాస్త ఎక్కువ సేపే పట్టింది.

నమాజు కాగానే వాకిట్లోకి మస్తాన్‌బీని పిలిపించాడు.

"ఇలా అవుతుందని నీకు ముందే తెలుసు!"

"తెలుసు హుజూర్. మీకూ తెలుసు. ఐదేళ్ళప్పుడే నేర్పుతారు కదా, నేను దాచిందేముంది?"

"మరి ఇరవై మెట్లెందుకు కట్టావు?"

"పద్నాలుగే కడతానన్నాను. పైన ఆరూ మీవి. అవి లేకపోతే మూడో వరుసలోనైనా చోటు దొరికేది."

నవాబు పెదవి వణికింది. కోపమనుకుని దివాను రెండడుగులు వెనక్కి వేశాడు. కానీ అది నవ్వు. తలపాగా జారేదాకా నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇవాళ్టినుంచి ఆ మింబరు మీద నీ పనిముట్టు తప్ప ఇంకొకరిది పడదు. ఇంకేం కావాలో అడుగమ్మా."

"ఆ గద్దె కర్ర ఇప్పించండి. జనాజా మోయడానికి డోలా చేస్తాను. రెండేళ్ళుగా ఈ ఊరు పోయినవాళ్ళను తలుపు చెక్క మీద మోస్తోంది."

నవాబు నవ్వు ఆగిపోయింది. జారిన తలపాగా సర్దుకుని అడిగాడు, "ఎవరి కొలతకు చేస్తావు?"

"పడుకున్నాక అందరిదీ ఒకటే ఎత్తు, హుజూర్."

మర్నాడు గద్దె విప్పుతుంటే నవాబు తానే వచ్చి, పై మెట్టు చెక్కను చేతులారా ఆమెకు అందించాడంటారు.