కుండలో కొత్తమ్మ, నీళ్ళలో బుడుబుంగ

ముందు ఆ కాళ్ళు దుప్పట్లో పెట్టు. ఇప్పుడు కళ్ళు మూసుకో. మూశావా? మరి ఆ రెప్పల సందులోంచి నన్నే చూస్తున్న నల్లటివి రెండూ ఎవరివో! సరేలే, చెప్తా విను.

అనగనగా శ్రీకాకుళానికి అవతల, సముద్రానికి ఇవతల ఒక ఊరు. ఆ ఊరి వెనక పేద్ద తంపర. తంపరంటే వానలకి నిండి, ఎండలకి సగం ఎండిపోయే లోతు తక్కువ చెరువన్నమాట. అందులో తుంగ, నాచు, గుర్రపుడెక్క. వాటి మధ్యన చేపలు. ఆ చేపల కోసం ఊళ్ళోవాళ్ళు, ఆ చేపల కోసమే పిట్టలూ.

ఆ పిట్టల్లో ఒకటి బుడుబుంగ. నీ పిడికిళ్ళు రెండూ కలిపితే ఎంతో, అంతే ఉంటుంది. తోక ఉందో లేదో దానికే తెలీదు. మనిషి కనిపిస్తే చాలు, బుడుంగున మునుగుతుంది. మళ్ళీ ఎక్కడ తేలుతుందో చెప్పు చూద్దాం? ఊహూఁ, అక్కడ కాదు! నువ్వు ఎటు చూస్తే అటు కాకుండా తేలుతుంది. తేలి, కిలకిలకిలమని నవ్వుతుంది కూడా. తలంటుకి పిలిస్తే ఈ ఇంట్లోనూ ఒకరు ఇలాగే చేస్తారు. పేరెందుకులే.

ఆ ఊళ్ళో కొత్తమ్మ అని ఒక అమ్మాయి. పంతొమ్మిదేళ్ళది. వాళ్ళమ్మతో కలిసి చేపలమ్ముతుంది, వలలల్లుతుంది. పోయినేడు వానాకాలంలో ఆమె ఒక వింత చూసింది. ఒక బుడుబుంగ ఈదుకుంటూ పోతోంది. దాని రెక్కల సందులోంచి, వీపు మీద, చారల చారల బుల్లి తల ఒకటి బయటికొచ్చింది. ఆ తర్వాత తల్లి గబుక్కున తుంగలో దూరింది. అంతే, మాయం.

కొత్తమ్మ పరిగెత్తుకెళ్ళి ఊరంతా చెప్పింది. ఊరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది చేపల సంఘం పెద్ద దానయ్య. అతను కొత్తమ్మకి సొంత మేనమామ.

"పిట్ట తన పిల్లని ఈపు మీద ఎక్కించుకున్నాదా? ఓలె గుంటా, అది పిట్టనుకున్నావా, ఆటో అనుకున్నావా?" అన్నాడు.

అప్పట్నుంచి ఆమెకి బుంగమ్మ అని పేరు పెట్టేశారు. కొత్తమ్మ ఏమీ ఉడుక్కోలేదు. సరే, కొంచెం ఉడుక్కుంది. నీ అంత కాదులే.

ఈ ఏడు వానలు దంచి కొట్టాయి. తంపరలో కలుపు దట్టంగా పెరిగిపోయింది. వలలు దానికి తగులుకుని చిరిగిపోతున్నాయి. అప్పుడు దానయ్య వలలల్లే పాకలో అందరినీ కూర్చోబెట్టాడు.

"వచ్చే గురువారం పొద్దున్నే కలుపు ఏరేద్దుం. తూరుపు మూల నుంచి గట్టు దాకా ఒక్క తుంగ పరక మిగలకూడదు" అన్నాడు.

కొత్తమ్మ చప్పున లేచి నిలబడింది. బుడుబుంగలుండేది ఆ తూర్పు మూలలోనే.

"మావా, పిట్టలు పిల్లల్ని సేసే కాలమిది. ఓ నెల్లాళ్ళు ఆగుదుం" అంది.

"ఏ పిట్టలే? నలబై ఏళ్ళుగా ఈ తంపరలో తిరుగుతన్నాను. బుడుబుంగ గూడు నాను సూడనేదు, మా అయ్యా సూడనేదు. గూడే లేనిదానికి పిల్లలెక్కడివే? వలలు సిరిగితే మనమేటి తినాల?"

దానయ్య చెడ్డవాడేం కాదు. చిరిగిన వల చూస్తే అతనికి ఇంట్లో ఖాళీ కంచాలే కనిపిస్తాయి, అంతే. అందుకే మళ్ళీ అన్నాడు, "సరే. గూడు సూపించు, పిల్లని సూపించు. నీ నోటితో కాదు, నా కంటికి సూపించు. గురువారం లోగా."

"సూపిస్తాను" అంది కొత్తమ్మ. ఒక్కటే మాట.

ఆమె దగ్గర ఒక పాత సెల్‌ఫోను ఉంది. అద్దం నిండా పగుళ్ళు. కానీ వీడియో తీస్తుంది. మర్నాడు పొద్దున్నే అది పట్టుకుని, దోనె ఎక్కి, గెడకర్రతో తోసుకుంటూ తూర్పు మూలకి వెళ్ళింది.

బుడుబుంగ ఉంది. ఫోను ఎత్తింది. బుడుంగ్! మళ్ళీ తేలింది. మళ్ళీ ఎత్తింది. బుడుంగ్! గూడు కోసం తుంగంతా వెతికింది. కొమ్మలూ లేవు, పుల్లలూ లేవు. అక్కడక్కడా కుళ్ళిన నాచు కుప్పలు నీళ్ళ మీద తేలుతున్నాయి. వాటిని చూసి ముక్కు మూసుకుని దాటిపోయింది. ఇంటికొచ్చి వీడియో చూసుకుంటే అందులో ఏముందనుకున్నావు? బోలెడు నీళ్ళు, ఒక బొటనవేలు.

రెండోనాడు ఒంటికి బురద పూసుకుంది. తల మీద తుంగ కప్పుకుంది. గట్టు వార నీళ్ళలో కూర్చుంది. ఒక గంటయ్యింది, రెండు గంటలయ్యాయి. అప్పుడు బుడుబుంగ మెల్లగా వస్తోంది, వస్తోంది, ఇంక నాలుగు బారలుందనగా, ఫోను గంట గణగణా మోగింది! వాళ్ళమ్మ.

"ఓలె, ఎక్కడ సచ్చినావే? బేగి రా, అన్నం సల్లారిపోతన్నాది!"

బుడుబుంగ ఎప్పుడు మునిగిందో తెలీదు. దూరంగా తేలి కిలకిలకిలమంది. నువ్వు నవ్వకు. పాపం, కొత్తమ్మకి ఏడుపొచ్చింది.

బొటనవేలు సంగతి అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. ఆ సాయంత్రం దానయ్య ఎదురుపడి, "ఏటే బుంగమ్మా, ఇయ్యేళైనా పిట్టని తీసినావా, మళ్ళీ బొటనేలేనా?" అన్నాడు.

కొత్తమ్మ అతన్ని దాటుకుని నేరుగా వాళ్ళ తాత పోలయ్య దగ్గరికెళ్ళింది. ఆయన వయసులో ఉన్నప్పుడు బాతుల వేటలో పేరు మోసినవాడు.

"తాతా, నాను దగ్గరికెళ్తే పిట్ట పారిపోతన్నాది. దూరంగా ఉంటే కనబడతనేదు. ఏటి సెయ్యాల?"

పోలయ్య చుట్ట కొన కొరికి ఉమ్మాడు. ఆ తర్వాత అన్నాడు, "కుండ."

"కుండేటి?"

"మా కాలంలో బాతుల్ని అలాగే పట్టీవోళ్ళం. ముందు నీళ్ళ మీద ఉత్తి కుండలొగ్గీవోళ్ళం. బాతులకి అలవాటైపోద్ది. అప్పుడొకడు నెత్తిమీద కుండ బోర్లించుకుని, పీకల్లోతు నీళ్ళలో నడుసుకుంటా పోయీవోడు. కుండే కదాని బాతులు కదలవు. కింద నుంచి కాళ్ళు పట్టుకుని లాగీడమే." ఆయన చుట్ట పక్కన పెట్టాడు. "ఇప్పుడా పని నానెవరికీ నేర్పను."

"నాకు కాళ్ళొద్దు తాతా. బొమ్మ సాలు."

అప్పుడు పోలయ్య లేచాడు. అటక మీంచి ఐదు కుండలు దింపాడు. నాలుగు కుండలు తంపరలో తేలడానికి. ఐదోదానికి మేకుతో ఓపిగ్గా రెండు కన్నాలు చేశాడు. ఒకటి కంటికి, ఒకటి ఫోనుకి.

మొదటిరోజు పిట్టలు కుండల ఛాయలకే రాలేదు. రెండోరోజు ఒక కప్ప వచ్చి కుండెక్కి కూర్చుంది, మహారాణిలాగ. మూడోరోజు నీటికోళ్ళు కుండల మధ్యనుంచే తిరిగాయి. నాలుగోరోజు బుడుబుంగ ఒక కుండని ముక్కుతో టకటకా పొడిచి చూసి, ఇది ఉత్తి కుండేనని తేల్చుకుని వెళ్ళిపోయింది.

అప్పటికి బుధవారం వచ్చేసింది. మిగిలింది ఆ ఒక్క రోజే.

తెల్లారుతూనే కొత్తమ్మ ఫోనులోంచి సిమ్ము తీసి తాత చేతిలో పెట్టింది. వాళ్ళమ్మ మీద అంత నమ్మకం! ఫోనులో వీడియో నొక్కి, దాన్ని కుండలోపల గుడ్డతో కట్టింది. కుండ నెత్తిన బోర్లించుకుంది. మెడలోతు నీళ్ళలోకి దిగింది. అడుగు తీసి అడుగు వేసి, తేలే కుండల పక్కకి చేరి, తానూ ఒక కుండయిపోయింది.

ముందు జలగ వచ్చి పిక్కని పట్టింది. కొత్తమ్మ కదల్లేదు.

ఆ తర్వాత లకుముకి పిట్ట వచ్చి కుండ మీద వాలింది. కాసేపు కూర్చుని, వెళ్ళేముందు ఒక పని చేసి వెళ్ళింది. ఏ పనా? అదే! కుండ కన్నం పక్కనుంచి తెల్లగా కారింది. కొత్తమ్మ కదల్లేదు. ఛీ అనాలనిపించింది, అన్లేదు.

ఆ తర్వాత ముక్కులో దురద మొదలైంది. అదే అన్నిటికంటే కష్టం. నాలుక అంగిట్లో గట్టిగా నొక్కిపెట్టి నిలబడింది.

అప్పుడు, ఎదురుగా ఉన్న కుళ్ళిన నాచు కుప్ప దగ్గర బుడుబుంగ తేలింది. అటు చూసింది. ఇటు చూసింది. కుండల్ని చూసింది. కుప్ప మీదికెక్కి, పైనున్న నాచుని ముక్కుతో ఒక్కొక్క పరకా తీసి పక్కన పెట్టింది. కింద మూడు గుడ్లు!

కుప్పే గూడు. మొన్న కొత్తమ్మ ముక్కు మూసుకుని దాటిపోయిందే, అదే గూడు.

బుడుబుంగ గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. కాసేపటికి రెండో బుడుబుంగ ఈదుకుంటూ వచ్చింది. దాని వీపు ఉబ్బెత్తుగా ఉంది. రెక్క కొంచెం కదిలింది. ఈకల్లోంచి చారల చారల తల బయటికొచ్చింది. ముందే పుట్టిన పిల్ల, తండ్రి వీపు మీద దర్జాగా కూర్చుని తంపరంతా చూస్తోంది.

"నిజంగా ఎక్కించుకుంటుందా అమ్మమ్మా?"

నిజంగానే. నిన్ను మీ నాన్న ఎక్కించుకోడూ? అలాగే. మీ నాన్నకి నడుం నొప్పి, దానికి లేదు. అంతే తేడా.

అప్పుడు, హాఁచ్! కుండ బద్దలయ్యేంత తుమ్ము.

తండ్రి పిల్లతో సహా తుంగలో దూరిపోయింది. తల్లి మాత్రం వెంటనే పోలేదు. ఎడమనుంచి ఒక నాచు పీచు, కుడినుంచి ఒకటి, ముందునుంచి ఒకటి, గబగబా లాగి గుడ్లని కప్పేసి, అప్పుడు బుడుంగుమంది. నువ్వు పది లెక్కపెట్టేలోగా అక్కడ గూడు లేదు, గుడ్లు లేవు. చెత్తకుప్ప తప్ప ఏమీ లేదు. మనిషి వచ్చినప్పుడల్లా మనిషికి కనిపించేది అదే.

ఆ తుమ్మూ, ఆ కప్పడమూ, అంతా ఫోనులో పడింది.

కొత్తమ్మ తడిబట్టలతోనే పాకకి నడిచింది. పిక్కన రక్తం కారుతోంది. ఫోను దానయ్య చేతిలో పెట్టింది. వలలు పక్కన పడేసి అందరూ ఆ పగుళ్ళ అద్దం మీదికి వంగారు.

పిల్ల తల బయటికి రాగానే, "ఓలమ్మో! ఎక్కించుకున్నాదిరా!" అని ఎవరో అరిచారు. తుమ్ముకి పడీ పడీ నవ్వారు. దానయ్య కూడా నవ్వాడు. తల్లి గుడ్లు కప్పిన దగ్గర మాత్రం అతని నవ్వు ఆగిపోయింది. మళ్ళీ వెయ్యమన్నాడు. చూశాడు. ఇంకోసారి వెయ్యమన్నాడు. చూశాడు.

"పోయినేడు కలుపు ఏరినప్పుడు," అన్నాడు మెల్లగా, "ఇలాటి కుప్పలు ఎన్ని తీసి గట్టు మీద పారేసినామే?"



"నానూ పారేసినాను మావా" అంది కొత్తమ్మ. "సులువుగా ఊడొస్తన్నాయని ముందు అయ్యే తీసినాను. ఈ సేతుల్తోనే."

దానయ్య ఫోను ఆమెకి తిరిగిచ్చాడు. తలగుడ్డ తీసి ఆమె కాలికి తనే కట్టు కట్టాడు. కట్టు కడుతూ కిందికే చూస్తూ అడిగాడు, "పిల్లలు ఎన్నాళ్ళకి సొంతంగా ఈదుతాయే?"

"తెల్దు మావా. సూసి సెప్తాను."

మర్నాడు గురువారం రానే వచ్చింది. అందరూ కొడవళ్ళు లేకుండా వచ్చారు. గట్టు మీద కూర్చుని, ఏ కుప్ప దగ్గరికి పిట్ట వస్తోందో దూరంనుంచే చూశారు. పదకొండు కుప్పలు గూళ్ళేనని తేలింది. తూర్పు మూలకి ఒక్క దోనె కూడా పోకూడదని సంఘం తీర్మానం చేసింది. పడమటి వైపు చేపలు తక్కువ. కూర పల్చనయ్యింది, అంబలీ పల్చనయ్యింది. దానయ్య రోజూ గొణుక్కున్నాడు. కానీ తూర్పు వైపు గెడ వేసినవాడు లేడు.

కొత్తమ్మ మాత్రం రోజూ పొద్దున్నే నెత్తిన కుండ పెట్టుకుని వెళ్ళేది, వచ్చేది. ఊరంతా ఆమె మొహంకేసి చూసేది. ఆమె తల అడ్డంగా ఊపేది. అందరూ పడమటికి పోయేవారు.

ముప్పై ఆరు రోజులు గడిచాయి. ముప్పై ఏడోనాడు కొత్తమ్మ తిరిగొచ్చి, కుండ దింపి, తడి జుట్టు పిండుకుంది.

పన్నెండు దోనెల వాళ్ళూ గట్టు మీద నిలబడి చూస్తున్నారు. వాళ్ళ పెద్ద దానయ్య చేతులు కట్టుకుని అడిగాడు, "ఏటమ్మా, ఎల్దుమా?"

"ఎల్దుం మావా" అంది కొత్తమ్మ.

అప్పుడు దోనెల కట్లు విప్పారు.

కథేమో కంచి బాట పట్టింది,
నిద్రేమో నీ రెప్పల తలుపు తట్టింది.
తలుపు తియ్యి, లోపలికి రానియ్యి.