ఎక్కేవారు, దిగేవారు, జంబుకరావు

గొడుగుకొండ మీదుగా అవతలి అడవికి పోవడానికి జంతువులకు ఉన్నది ఒకే ఒక్క కాలిబాట. ఆ బాట సగం ఎక్కాక, తేనె పట్టేవాళ్లు ఏనాడో కట్టి వదిలిపోయిన గుడిసె ఒకటి ఉన్నది. అటు పోయేవారైనా ఇటు వచ్చేవారైనా అందులో ఒక్క పూట తలదాచుకుని సాగిపోవడం ఆనవాయితీ. ఒకప్పుడు ఉప్పు బస్తాలు మోసి, ఇప్పుడు విశ్రాంతిగా ఉంటున్న బసవయ్య అనే ముసలి ఎద్దు ఆ గుడిసెకు పెద్ద దిక్కు.

కంటకమ్మ అనే ఏదుపంది ఆ బాట పట్టడం అదే మొదటిసారి. ఒంటినిండా ఎన్ని ముళ్లున్నాయో, ఆమె బుర్రలో అన్ని ప్రశ్నలుండేవి. కొండకు అవతల ఏముందో కళ్లారా చూడాలన్నది ఆమె చిరకాల వాంఛ. ఆ దారి ఎరిగిన కూర్మయ్య అనే తాబేలు, ముసలితనంలోనూ కాదనలేక, తోడు బయలుదేరాడు.

వారు మెల్లగా ఎక్కుతుండగా ఎదురుగా ఒక దుప్పి చెంగుచెంగున దిగుతూ వచ్చింది. వీరిని చూడగానే బాట విడిచి, ముళ్లపొదలో నిలబడి, దారి ఇచ్చింది.

"బాబాయ్, అంత పెద్ద దుప్పి మనకెందుకు తప్పుకుంది? నా ముళ్లకు జడిసా?"

"నీ ముళ్లకు కాదు తల్లీ, నా ఆయాసానికి," అన్నాడు కూర్మయ్య. "దిగేవాడు ఎక్కేవాడికి చోటివ్వాలి. ఇది ఈ కొండ కట్టుబాటు. బాట మీద ఎలాగో, గుడిసెలోనూ అలాగే."

"గుడిసెలో ఎక్కడమేమిటి, దిగడమేమిటి?"

"చోటు చాలనప్పుడు, మర్నాడు కొండ ఎక్కవలసినవాడికి మంచి మూల దక్కుతుంది. అంతకంటే ముందు ఊపిరి పీల్చుకోనియ్యి!"

ఇంతలో ఆకాశం నల్లబడింది. వడగళ్లతో కూడిన చల్లని వాన విరుచుకుపడింది. గుడిసె చేరేసరికి కూర్మయ్య కాళ్లు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. కళ్లు మూతపడుతున్నాయి. మాట తడబడుతోంది. కంటకమ్మ అతని పెంకు మీద చెయ్యి వేసి చూస్తే, అది వడగల్లులా చల్లగా తగిలింది.

గుడిసె కప్పు నాలుగు చోట్ల కారుతోంది. పొడిగా ఉన్నది ఒకే ఒక్క మూల. ఉన్న ఎండుగడ్డంతా అక్కడే పోగుపడి ఉంది. ఆ గడ్డి మీద కాళ్లు బారజాపుకుని ఒక నక్క పడుకుని ఉన్నాడు. ఆయన పేరు జంబుకరావు.

"తాతా," అంది కంటకమ్మ బసవయ్యతో, "మా బాబాయి చలికి కొయ్యబారిపోతున్నాడు. గడ్డిలో పడుకోబెట్టకపోతే దక్కడు. మేము ఎక్కేవాళ్లం."

బసవయ్య నక్క వైపు తిరిగాడు. "ఏమంటావు జంబుకరావ్?"

"నేనూ ఎక్కేవాణ్ణే కదా తాతా!" అన్నాడు నక్క, కన్ను కూడా పూర్తిగా తెరవకుండా. "పైగా వారికంటే ముందు వచ్చినవాణ్ణి. అయినా ఆయనకు వేరే గుడిసె ఎందుకు? ఇల్లు వీపు మీదే మోసుకు తిరిగే మహానుభావుడాయె!"

కంటకమ్మ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. బసవయ్య దీర్ఘంగా నిట్టూర్చాడు.

"ఏం చెయ్యను తల్లీ? బాటసారి తన ప్రయాణం గురించి చెప్పిన మాటను శంకించకూడదన్నది ఇక్కడి మరో కట్టుబాటు. ఎక్కేవాణ్ణని తన నోటితో తాను అన్నంతవరకు నేను లేవమనలేను."

కంటకమ్మ కూర్మయ్యను తన పొట్ట కిందికి లాక్కుని వెచ్చబెట్టబోయింది. అంత పెంకుకు ఆ పొట్ట చాలలేదు. అప్పుడామె చూపు నక్క పాదాల మీద పడింది. కొండబాటంతా ఎర్రమన్ను, తన కాళ్లకు మోకాళ్లదాకా అంటింది. జంబుకరావు పాదాలు మాత్రం కడిగిన గిన్నెల్లా ఉన్నాయి. గడ్డి కూడా అచ్చంగా నక్క ఆకారంలో గుంటపడి ఉంది. ఒక్క పూటలో గడ్డి అంతలా అణుగుతుందా? ఆమెకు వింతగా తోచింది. తోచాక అడగకుండా ఉండడం ఆమె వల్ల కాదు.

"నక్క మామా, ఈ గడ్డి ఎవరు తెచ్చారు?"

"పోయేవాళ్లు తెచ్చి పరిచిపోతారు. అదొక పద్ధతి."

"మీరెప్పుడు తెచ్చారు?"

"నేనింకా పోలేదు కదమ్మాయ్!" తన చమత్కారానికి తానే నవ్వుకున్నాడు.

"అయితే మీకు ఈ గుడిసె సంగతులన్నీ బాగా తెలిసి ఉండాలి. నేను కొత్తదాన్ని. ఏ మూల కారుతుందో, గాలి ఎటునుంచి కొడుతుందో మీరే చెప్పాలి."

పొగడ్త వినేసరికి జంబుకరావు లేచి కూర్చున్నాడు. మీసం దువ్వుకున్నాడు. "నాకు తెలియనిదేముంది? ఈ చూరులో ఏ తాటాకు ఎప్పుడు చిరిగిందో అడుగు, చెబుతాను."

"అబ్బో! ఇక్కడ దిగి ఎన్నాళ్లయింది మామా?"

"దిగి సరిగ్గా పది రోజులు! ఇన్నాళ్లపాటు ఇక్కడ దిగినవాడు ఈ కొండ మీదే లేడు!"

ఆ మాట కంటకమ్మ చెవిలో గంటలా మోగింది. ఆమె మెల్లగా బసవయ్య వైపు చూసింది. బసవయ్య నెమరు వేయడం మానేశాడు.

"ఏమన్నావు నాయనా? దిగావా?"

జంబుకరావు మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. "అయ్యయ్యో తాతా! ఆ దిగడం వేరు, ఈ దిగడం వేరు. కొండ దిగానని కాదు, బస దిగానని!"

"నీ మాటను నేను శంకించను," అన్నాడు బసవయ్య ఎంతో మర్యాదగా. "కొండ దిగినవాడివైతే ఎక్కేవాడికి చోటివ్వాలి. అది కాదు, పది రోజులుగా బస దిగి కదలనివాడివి అంటావా, అలాంటప్పుడు నువ్వు ఎక్కేవాడివి కావు. అప్పుడూ చోటివ్వాలి. ఈ రెండు దిగడాల్లో నీది ఏదో నువ్వే చెప్పు."

జంబుకరావు ఇటు చూశాడు, అటు చూశాడు. చివరికి తోక ముడుచుకుని గడ్డి మీదినుంచి కిందికి దిగాడు.

"ఇది మూడో దిగడం," అంది కంటకమ్మ.

కంటకమ్మ, బసవయ్య కలిసి కూర్మయ్యను గడ్డిలో పొదిగి, పైన మరింత గడ్డి కప్పారు. చాలాసేపటికి పెంకులోంచి తల ఒక అంగుళం బయటికి వచ్చింది. "తల్లీ," అన్నాడు నీరసంగా, "నీ ప్రశ్నలకు ఊపిరాడదని విసుక్కున్నాను. ఇవాళ ఈ ఊపిరి వాటిదే."

ఇక పొడిగా మిగిలింది జానెడు చోటు. అది సరిగ్గా కంటకమ్మ వీపు వెనక.

"రండి మామా, సర్దుకుందాం," అంది ఆమె నిజంగానే ఆప్యాయంగా. "కాళ్లు మాత్రం చాపకండి."

తెల్లవారేసరికి వాన వెలిసింది. కూర్మయ్య తన కాళ్ల మీద తాను నిలబడ్డాడు. గుమ్మంలో బసవయ్య అడిగాడు:

"ఏం జంబుకరావ్, ఎక్కుతావా, దిగుతావా?"

రాత్రంతా ముడుచుకుని పట్టేసిన నడుమును నిమురుకుంటూ జంబుకరావు అన్నాడు:

"ఆ రెండు మాటలూ నా ముందు ఎత్తకు తాతా. గడ్డి కోసుకొస్తాను."

అందుచేత, దారిలోని గుడిసెలో చోటు కోరేవాడు, తానింకా దారిన పోయేవాడేనా అని ముందుగా తన పాదాలను చూసుకోవాలి.