మెంతుల నీళ్ళ మీద రంగులు

ఊఁ కొడతావా మరి? నువ్వు మధ్యలో ఆపావో, నేనూ ఆపేస్తా.

అనగనగా రైలుగేటు పక్కన ఒక ఊళ్ళో అలివేణి అనే పిల్ల ఉండేది. నీ ఈడుదే. కంచం పక్కన పుస్తకం లేకపోతే నీలాగే ముద్ద దిగేది కాదు. ఒకరోజు స్నేహితురాలు హైమ దగ్గర బొమ్మల కథల పుస్తకం తెచ్చుకుంది. "ఇచ్చింది ఇచ్చినట్టు తేవాలి, లేకపోతే జట్టు కటీఫ్" అంది హైమ. ఇంకేముంది, ఆ పూటే అట్ట మీద పప్పుచారు ఒలికింది.

అలివేణికి గుండె జారిపోయింది. హైమ తప్ప దానికి వేరే జట్టు లేదు మరి. ఆ భయంతో మిగతా కథ చదవనే లేదు.

అప్పుడు దానికి బళ్ళో టీచరమ్మ చూపించిన రంగుల కాగితం గుర్తొచ్చింది. నీళ్ళ మీద రంగులు తేల్చి, కాగితం పరిచి ఎత్తితే మబ్బుల్లా అచ్చుపడుతుందట. అలాంటిది చేసి అట్ట వేసిద్దామనుకుంది.

ముందు పళ్ళెంలో మంచినీళ్ళు పోసి రంగులు చుక్కలు చుక్కలుగా వేసింది. అన్నీ అడుక్కి పోయాయి. చిక్కటి నీళ్ళయితే మునగవేమో అనుకుంది. ఆదివారం కదా, వాళ్ళమ్మ తలంటుకని మెంతులు నానబెట్టి వడకట్టిన జిగురు నీళ్ళున్నాయి. అడగాపెట్టకుండా వాటిని పళ్ళెంలో పోసేసింది, గడుగ్గాయి. ఈసారి రంగులు తేలాయి, కానీ పరుచుకోలేదు. వేసినచోటే ముద్దగా కూర్చున్నాయి.

ఆ తర్వాత వాళ్ళమ్మ జుట్టు విరబోసుకుని వచ్చింది. "నా మెంతుల నీళ్ళు ఏవే?" అంటూ చెయ్యి చాపింది. ఆ చేతి నుంచి కుంకుడురసం చుక్క ఒకటి పళ్ళెంలో పడింది. పడగానే రంగులన్నీ పక్కకి జరిగి విచ్చుకున్నాయి.

"అమ్మా, తిట్టేదేదో తర్వాత తిట్టు, ముందు కాస్త కుంకుడురసం ఇవ్వు" అంది అలివేణి. పాత రంగులు పైపైన తీసేసి, కొత్త రంగుల్లో తలా ఒక చుక్క రసం కలిపి వేసింది. చీపురుపుల్లతో మెలికల ముగ్గులా తిప్పి, కాగితం పరిచి ఎత్తింది. ఎంత బావొచ్చిందనుకున్నావు.

మర్నాడు ఆ అట్ట వేసి పుస్తకం ఇస్తే హైమ మురిసిపోయింది. అలివేణి అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "దీని కింద పప్పుచారు మరక ఉందే" అని చెప్పేసింది.

హైమ పుస్తకం చివరికి తిప్పి, "నువ్విక్కడిదాకా చదవలేదా?" అంది. చివరి పేజీ మీద ఎర్రగా ఆవకాయ వేలిముద్ర ఉంది. అది హైమదే.

ఇద్దరూ పడీపడీ నవ్వారు. పై ఆదివారం అలివేణి వాళ్ళమ్మ మెంతులు రెండు గిన్నెల్లో నానబెట్టింది, ఒకటి తలకి, ఒకటి పిల్లలకి.

ఇక నవ్వింది చాలు, కళ్ళు మూసుకో నా తల్లి. కథ కంచికి, కాగితం అట్టకి, మనం మంచానికి.